కమ్మరి ఇడ్రిస్ ప్రాసర్ మొదటి సంవత్సరం

ఇనుమును వంచడానికి మానవజాతికి మూడు వేల ఏళ్ల పాటు నిప్పు, సుత్తి, రెండు చేతులు సరిపోయాయి. ఇకమీదట అవి చాలవని మా కళాశాల నాణ్యతా పరిరక్షణ ఉపసంఘం ఒక మంగళవారం మధ్యాహ్నం ఏకగ్రీవంగా తీర్మానించింది. (ఏకగ్రీవం అన్న మాటలో అతిశయోక్తి లేదు. ఉపసంఘంలో సభ్యులు ఏడుగురు. ఐదుగురు రాలేదు. ఆరో ఆయన బిస్కెట్ల కోసం బయటికి వెళ్లారు.)

నేను ఆ కళాశాల రిజిస్ట్రీలో గుమస్తాను. పేరు మార్జరీ ప్యూ. పదకొండేళ్లుగా అదే కుర్చీ. ఇంగ్లండు అయిపోయి వేల్స్ మొదలయ్యే చోట, మనుషుల కంటే గొర్రెలు ఎక్కువగా ఉన్న జిల్లాలో, మా కళాశాల కళాత్మక కమ్మరంలో మూడేళ్ల డిగ్రీ ఇస్తుంది. కమ్మరానికి డిగ్రీ ఏమిటని కొత్తవాళ్లు నవ్వుతారు. ఏటా పద్దెనిమిది మంది ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరతారు. కొలిమి ముందు నిలబడి కనుబొమలు కాల్చుకుంటారు. వెళ్లేనాటికి ఇనుముతో ఆకు, తీగ, పక్షి రెక్క చేయగలుగుతారు. ఇందులో నవ్వవలసింది నాకేమీ కనిపించలేదు, ఉపసంఘం కలగజేసుకునే వరకు.

వాళ్లకు పని నేర్పేది ఇడ్రిస్ ప్రాసర్ గారు. అరవై ఒక్క ఏళ్ల మనిషి. ఎడమ బొటనవేలు చదునుగా ఉంటుంది. ఎందుకని అడిగితే, "పరధ్యానం" అంటారు. పైఊరి చర్చి గేటు ఆయనది. వంతెన మీది దీపస్తంభాలు ఆయనవి. మా కళాశాల చుట్టూ ఉన్న ఇనుప కంచె కూడా ఆయనదే. (దాని మీద మా ప్లాస్టిక్ బోర్డు ఉండడం వల్ల కంచె కనిపించదు.) పంతొమ్మిదేళ్లుగా పాఠం చెబుతున్నారు. ఆ పంతొమ్మిదేళ్లలో ఎవరికీ రాని ఒక సందేహం ఆ మంగళవారం ఉపసంఘానికి వచ్చింది: ఈయనకు డిగ్రీ ఉందా?

నిబంధన పద్నాలుగు, ఉపనిబంధన 'సి' ఇలా ఉంది: డిగ్రీ విద్యార్థులకు బోధించువారు తాము బోధించు విషయమునందు డిగ్రీ కలిగియుండవలెను. నాణ్యతా విభాగం అసోసియేట్ డీన్ ఫిలిప్పా లెత్‌బ్రిడ్జ్ గారు ఇడ్రిస్ గారిని సర్టిఫికెట్లతో రమ్మన్నారు. ఆయన ఒక్కటి తెచ్చారు. ఫ్రేము కట్టించినది. పాతిక గజాలు ఈదినందుకు పదో ఏట ఇచ్చినది.

"ఇంకేమీ లేవా, ఇడ్రిస్ గారూ?"

"ట్రాక్టరు లైసెన్సుంది మేడమ్."

లెత్‌బ్రిడ్జ్ గారు మంచి మనిషి. ఈ మాట ఆవిడ గురించి అందరూ అంటారు, ఆవిడ ఏదైనా చేసిన తర్వాత. ఆయన ఉద్యోగం పోకుండా ఆవిడ వారం రోజులు ఆలోచించి ఒక మార్గం కనిపెట్టారు. జిల్లాలో కమ్మరం డిగ్రీ ఇచ్చే చోటు ఒక్కటే, అది మాదే. కాబట్టి ఇడ్రిస్ గారు మా దగ్గరే మొదటి సంవత్సరం విద్యార్థిగా చేరాలి. పాఠాలు ఎప్పటిలాగే చెప్పుకోవచ్చు, డిగ్రీ కోసం చదువుతున్నట్టు రుజువు ఉన్నంత కాలం. మొదటి సంవత్సరం వాళ్లకు చెప్పేది ఆయనే కాబట్టి ప్రయాణపు అలసట కూడా ఉండదు.

చేరడానికి ఇంటర్వ్యూ తప్పనిసరి. నేను పక్కన కూర్చుని రాసుకున్నాను.

"కమ్మరం ఎందుకు చదవాలనుకుంటున్నారు?"

"నేననుకోవట్లేదు మేడమ్. మీరనుకుంటున్నారు."

నేను 'ప్రేరణ: అస్పష్టం' అని రాశాను.

"చేసిన పనుల నమూనాలు అప్‌లోడ్ చేశారా?"

"పైఊరి చర్చి గేటుంది. పదడుగుల ఎత్తు."

"పది మెగాబైట్ల లోపు ఉండాలండీ."

"అర టన్ను ఉంటదమ్మా అది."

చివరికి షరతుతో సీటు ఇచ్చారు. పని తెలిసిన గురువు ఎవరైనా ఒక సిఫారసు ఉత్తరం రాయాలన్నది ఆ షరతు. ఇడ్రిస్ గారికి పని నేర్పింది ఆయన తండ్రి; చనిపోయి ముప్పై ఏళ్లయింది. అటువంటప్పుడు కళాశాలలోని సంబంధిత అధ్యాపకుడు రాయవచ్చని నిబంధన. సంబంధిత అధ్యాపకుడు ఇడ్రిస్ గారే. ఆయన నా బల్ల దగ్గరే నిలబడి, నా పెన్నుతో రాసిచ్చారు: "మనిషి పర్వాలేదు. టైముకొస్తాడు."

ఆ రెండో వాక్యంతోనే చిక్కు మొదలైంది.

మా దగ్గర హాజరు యాప్ ఉంది. సిబ్బంది ఒక కార్డు, విద్యార్థులు ఒక కార్డు గుమ్మం దగ్గర, కెమెరా ముందు చూపించాలి. ఇడ్రిస్ గారికి రెండు కార్డులూ ఇచ్చాం. పొద్దున తొమ్మిదింటికి ఆయన సిబ్బంది కార్డు చూపించి లోపలికి వెళ్తారు. వెంటనే బయటికి వచ్చి, విద్యార్థి కార్డు చూపించి మళ్లీ వెళ్తారు. (అధ్యాపకుడు లోపల ఉంటే తప్ప విద్యార్థిని కొలిమి గదిలోకి రానివ్వకూడదు కనుక ఈ వరుస తప్పితే కుదరదు.) ఒకే ముఖం నిమిషం తేడాతో రెండుసార్లు కనిపించడం యాప్‌కు నచ్చలేదు. ఒకడు వచ్చి ఇంకొకడి కార్డు గీకుతున్నాడని నిర్ధారించుకుని, ఇద్దరికీ గైర్హాజరు వేసింది.

మూడు వారాలు గైర్హాజరైన విద్యార్థికి ఉత్తరం దానంతటదే వెళ్తుంది. 'మీ క్షేమం గురించి మేము ఆందోళన చెందుతున్నాము' అని. నకలు అధ్యాపకుడికి వెళ్తుంది. అధ్యాపకుడు ఆ విద్యార్థిని కూర్చోబెట్టి, కష్టసుఖాలు కనుక్కుని, నాకు నివేదిక ఇవ్వాలి. ఇడ్రిస్ గారు మరునాడే నా కిటికీ దగ్గరికి వచ్చారు.

"మాట్లాడానమ్మా వాడితో."

"ఏమన్నారు?"

"బానే ఉన్నాడంట. ఎందుకు పిలిచారో తెలీట్లేదంట."

నా తెర మీద 'మినహాయింపు' అని ఒక మీట ఉంది. అది నొక్కితే ఈ వ్యవహారం అక్కడితో ముగిసేది. కానీ అది నొక్కగానే 'ఎందుకు?' అని ఒక గడి తెరుచుకుంటుంది. ఆ గడిలో ఏదైనా రాస్తే కింద నా పేరు పడుతుంది. పదకొండేళ్లలో నేను దాన్ని నొక్కలేదు. నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నావిడ ఒకసారి నొక్కిందట. ఆవిడ ఇప్పుడు ఎక్కడుందో ఎవరూ చెప్పరు.

ఇక చదువు సంగతి. మా డిగ్రీలో సుత్తిపనికి నలభై మార్కులు, సుత్తిపని గురించి ఏమనిపించిందో రాయడానికి అరవై. మొదటి అభ్యాసం: 'మీ పనిలో ఎదురైన ఒక వైఫల్యాన్ని, దాని నుంచి మీరు పొందిన ఎదుగుదలను పదిహేను వందల పదాలలో వివరించండి.' ఇడ్రిస్ గారు వివరించారు: "వేడి చాల్లేదు. మళ్లీ పెట్టాను."

సున్నా వచ్చింది. 'మూలాధారాలు చూపలేదు, భావోద్వేగ కోణం లేదు' అని పక్కన రాశారు. రెండో అభ్యాసంలో కూడా సున్నా వస్తే విద్యార్థిత్వం పోతుంది, దానితో పాటు ఉద్యోగమూ పోతుంది. ఆ కాగితం పట్టుకుని ఆయన రిజిస్ట్రీ ముందు బెంచీ మీద చాలాసేపు కూర్చున్నారు. కోపంగా లేరు. భాష రాని దేశంలో రైలు తప్పిన మనిషిలా ఉన్నారు.

ఆయన పక్కన వచ్చి కూర్చున్నది టామ్సిన్ బెడోస్. మూడో సంవత్సరం విద్యార్థిని, వయసు ఇరవై ఆరు. బ్రిస్టల్‌లో ఒక బీమా కంపెనీ ఫోన్ల దగ్గర నాలుగేళ్లు పనిచేసి, ఒకరోజు మధ్యాహ్నం ఫోను పెట్టేసి నేరుగా ఇక్కడికి వచ్చిన పిల్ల. మా ఊరి చిన్నాసుపత్రి మెట్లకు చేతిపట్టు చేయడం ఆ ఏడాది ఆమె పని. అది చేస్తేనే డిగ్రీ.

"రాయడం మీకు రాకపోతేనేం మాస్టారూ," అంది టామ్సిన్. "చెప్పడం వచ్చుగా. మీరు పనిచేస్తూ మాట్లాడండి, నేను టైపు చేస్తా."

"ఏం మాట్లాడను?"

"రోజూ మా మీద అరుస్తారే, అదే."

అలా వారం రోజులు ఆయన దాగలి మీద ఇనుము కొడుతూ మాట్లాడారు, ఆమె బొగ్గు సంచి మీద కూర్చుని టైపు చేసింది. 'నిప్పు, నేను' అన్న ఆ వ్యాసం నా బల్ల మీదుగానే వెళ్లింది. పదకొండేళ్లలో నేను చివరిదాకా చదివిన వ్యాసం అదొక్కటే. "ఇనుముకి తొందరలేదు. తొందర మన చేతికి. గులాబీ రంగులో ఉన్నప్పుడు బతిమాలినా వినదు. నిమ్మపండు రంగుకొచ్చాక చెప్పకముందే వింటది. నువ్వు చెయ్యాల్సిందల్లా ఆ రెండు రంగుల మధ్య నోరు మూసుకు నిలబడ్డం." ఇలా పన్నెండు పేజీలు. చదువుతూ టీ చల్లారబెట్టుకున్నాను.

తర్వాత దాన్ని గ్రంథచౌర్యాన్ని పట్టే యంత్రంలో పెట్టాను. నా ఉద్యోగం అది.

యంత్రం తొంభై నాలుగు శాతం కాపీ అంది. పంతొమ్మిదేళ్లలో మా దగ్గర చదివిన విద్యార్థులందరూ తమ వ్యాసాలలో ఈ మాటలే రాసుకున్నారు. నిమ్మపండు రంగు నూట పన్నెండు వ్యాసాలలో ఉంది. అన్నింటికంటే పాతది రూపర్ట్ నెదర్‌కాట్ అనే అతను మొదటి బ్యాచిలో ఉండగా రాసినది. అనగా, తన శిష్యులందరి దగ్గర నుంచి ఇడ్రిస్ ప్రాసర్ దొంగిలించాడు.

విచారణ ఫిబ్రవరిలో జరిగింది. అధ్యక్షులు డాక్టర్ క్రిస్పిన్ ఓల్డ్‌రాయిడ్ గారు, సృజనాత్మక సందర్భాల ఆచార్యులు. (కోటు పాడవుతుందని ఆయన కొలిమి గదిలోకి ఎన్నడూ అడుగు పెట్టలేదు. అందువల్ల నిష్పాక్షికులు.) ఇడ్రిస్ గారు పెళ్లికి వేసుకునే సూటు వేసుకుని వచ్చారు. టామ్సిన్ సాక్షిగా వచ్చింది.

"ఈ వాక్యాలు మీవేనా?" అన్నారు ఓల్డ్‌రాయిడ్ గారు.

"నావే."

"మరి రూపర్ట్ నెదర్‌కాట్ వ్యాసంలోకి అక్షరం పొల్లుపోకుండా ఎలా వచ్చాయి?"

"నేనే చెప్పా కదండీ వాడికి! కొలిమికి ఏ పక్క వేడిగా ఉంటదో కూడా తెలీదు వాడికి, వచ్చిన కొత్తల్లో."

"చెప్పినట్టు ఆధారం?"

"వాడు రాసుకున్నాడుగా!"

"అది ఆయన రాసినదానికి ఆధారం. మీరు చెప్పినదానికి కాదు."

టామ్సిన్ లేచి నిలబడింది. "నేను విన్నాను సార్. మేమందరం రోజూ వింటున్నాం."

"వినికిడి మా మూలాధారాల పట్టికలో లేదమ్మా."

"లేకపోతే మమ్మల్ని మూడేళ్లు క్లాసులో నిలబెట్టి ఏం చేయిస్తున్నట్టు?"

"అది వేరే ఉపసంఘం పరిధి."

నెదర్‌కాట్ గారికి కూడా మేము రాశాం. ఆయన ఇప్పుడు స్విండన్‌లో స్నానాల గదుల పలకలు అమ్ముతున్నారు. గంటలో జవాబిచ్చారు: "అవి మా ముసలాయన మాటలే. ఇంకెవరు మాట్లాడతారలా? ఆయన్ని అడిగానని చెప్పండి." ఆ ఉత్తరాన్ని అధ్యక్షులు గట్టిగా చదివి పక్కన పెట్టారు. ఈ వ్యవహారంలో మాటలు పోగొట్టుకున్నది నెదర్‌కాట్ గారు కాబట్టి ఆయన బాధితుడు. బాధితులు నిందితుల మీద జాలిపడటం మామూలే, దాన్ని సాక్ష్యంగా తీసుకోలేమన్నారు.

తీర్పు: విద్యార్థి ఇడ్రిస్ ప్రాసర్‌ను ఒక టర్ము పాటు బహిష్కరించడమైనది. నెదర్‌కాట్ గారికి క్షమాపణ రాయవలెను. ఇడ్రిస్ గారు అక్కడికక్కడే రాశారు: "రూపర్ట్, నా మాటలు వాడుకున్నందుకు ఏమనుకోకు. నువ్వెత్తుకెళ్లిన నా పట్టకారు పంపించు."

బహిష్కృత విద్యార్థి ఆవరణలో కాలు పెట్టరాదు. అధ్యాపకుడు ఇడ్రిస్ ప్రాసర్ మీద మాత్రం ఏ చర్యా లేదు. ఆయన సోమవారం ఎప్పటిలాగే పాఠం చెప్పవచ్చునని లెత్‌బ్రిడ్జ్ గారు సంతోషంగా ప్రకటించారు, విద్యార్థి ఇడ్రిస్ ప్రాసర్‌ను వెంట తీసుకురాకపోతే చాలు.

ఆ సాయంత్రం ఆయన పనిముట్లు తీసుకెళ్లడానికి వచ్చారు. దానికి అనుమతి పత్రం కావాలి, పత్రంలో ప్రతి వస్తువు మీది చీటీ నంబరు వేయాలి. ఆ సుత్తులూ పట్టకార్లూ ఆయన సొంతం. వాటికి మా చీటీలు లేవు. చీటీ లేని వస్తువు మా లెక్కలో లేనట్టే. లేని వస్తువులను తీసుకెళ్లడానికి అనుమతి అక్కరలేదు. కాబట్టి ఆ ఒక్క పని మాత్రం సాఫీగా జరిగిపోయింది.

ఆఖరి సుత్తి వ్యానులో పెట్టి, ఆయన నా కిటికీ దగ్గరికి వచ్చారు.

"పదకొండేళ్ల నుంచి రోజూ పొద్దున్నే నీకు గుడ్మార్నింగ్ చెప్పాను మార్జరీ. ఆ గదిలో నుంచి నా కేకలు నీకు వినపడతాయి. ఆ మాటలు నావేనని నీకు తెలుసు."

"తెలుసు."

"మరి ఒక్క ముక్క చెప్పలేకపోయావా తల్లీ?"

"నన్నెవరూ అడగలేదు ఇడ్రిస్ గారూ," అన్నాను. నిజమే చెప్పాను. సాక్షుల పత్రంలో నా పేరు లేదు. ఆయన తల ఊపారు, టోపీ సర్దుకున్నారు, రెండు కార్డులూ నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

అధ్యాపకుడు లేనందువల్ల కొలిమి ఆర్పేశాం. అందువల్ల చదువు ఆగిందని ఎవరూ అనుకోవద్దు. విద్యార్థులు వీడియోలో నిప్పును చూశారు. కొలిమి ఉన్నట్టు ఊహించుకుని, చేతిలో సుత్తి ఉన్నట్టు భావించి, ఏమనిపించిందో రాశారు. మార్కులు అంతకుముందు ఏ ఏడాదీ రానంత బాగా వచ్చాయి. మే నెలలో మాకు భద్రతలో బంగారు పురస్కారం వచ్చింది: కమ్మరం విభాగంలో కాలిన గాయాలు సున్నా. ఆ ఫలకాన్ని గోడకు తగిలించడానికి ఒక ఇనుప కొక్కెం కావలసి వచ్చింది. కళాత్మక కమ్మరంలో డిగ్రీ చదువుతున్న యాభై మంది ఉన్న భవనంలో వెతికి, చివరికి ఆన్‌లైన్‌లో తెప్పించాం. ఎనిమిది రోజులు పట్టింది.

టామ్సిన్ మాత్రం ఊహించుకోలేదు. వారానికి నాలుగు రోజులు బస్సెక్కి, కొండ మీద ఇడ్రిస్ గారి ఇంటి వెనక ఉన్న పాత కొలిమికి వెళ్లి, ఆసుపత్రి చేతిపట్టు అక్కడ పూర్తిచేసింది. మే చివర దాన్ని ఒక గొర్రెల బండిలో వేసుకుని పరీక్షకుల ముందుకు తెచ్చింది. పరీక్షకులు బండిలోకి చూడలేదు. అర్హత లేని వ్యక్తి పర్యవేక్షణలో చేసిన వస్తువును చూస్తే దాన్ని గుర్తించినట్టు అవుతుందని భయపడ్డారు. దానికి బదులు, అర్హత గల వ్యక్తి ఉండి ఉంటే తాను చేసి ఉండగల చేతిపట్టు గురించి నాలుగు వేల పదాలు రాస్తే డిగ్రీ ఇస్తామన్నారు. మూడు వారాలు గడువు.

ఆమె బండి తిప్పుకుని ఆసుపత్రికి వెళ్లింది. ఆమె, ఇడ్రిస్ గారు కలిసి రెండు రోజుల్లో దాన్ని మెట్లకు బిగించారు.

ఆ తర్వాతి వారం మా అమ్మను మోకాలి కోసం ఆసుపత్రికి తీసుకెళ్లాను. అమ్మకు ఎనభై నాలుగు. ఏ మెట్లు చూసినా తిడుతుంది. ఆ రోజు తిట్టలేదు. పట్టు మీద చెయ్యి వేసి, నెమ్మదిగా పైదాకా ఎక్కి, అక్కడ ఆగి, కిందికి చూసింది.

"ఎవరు చేశారే దీన్ని? చెయ్యి పెడితే అదే పట్టుకుంటోంది."

"అర్హత లేనివాళ్లమ్మా," అన్నాను.

మరుసటి రోజు టామ్సిన్ రిజిస్ట్రీకి వచ్చింది. చేతుల నిండా మసి. చదువు మానేస్తున్నట్టు పత్రం ఇమ్మంది.

"ఇంకో రెండు వారాలుందమ్మా," అన్నాను. "నాలుగు వేల పదాలేగా. ఏదో ఒకటి రాసి పడెయ్, డిగ్రీ వచ్చేస్తుంది. ఇడ్రిస్ గారి ఉద్యోగం ఖాళీగానే ఉంది, నీకే ఇస్తారు."

"తెలుసు. లెత్‌బ్రిడ్జ్ గారు నిన్న చెప్పారు."

"మరి?"

"ఇచ్చాక నేనేం చెప్పాలి పిల్లలకి? ఆయన మాటలే చెప్పాలి. రూపర్ట్ నెదర్‌కాట్ చెప్పినట్టుగా అని." పత్రం తన వైపుకు లాక్కుంది. "పెన్నివ్వండి."

నిలబడే నింపింది. 'మానడానికి కారణం' అన్న చోట ఒక్క క్షణం ఆగి, మసి వేలు కాగితానికి తగలకుండా జాగ్రత్తగా రాసి, నాకిచ్చి, బస్సుకు టైమవుతోందని వెళ్లిపోయింది.

'కమ్మరం నేర్చుకోవాలని ఉంది' అని రాసింది.

యంత్రంలో కారణాల జాబితా ఉంది. ఆరు ఉంటాయి. మొత్తం చదివాను, ఆమె రాసినది అందులో లేదు. ఉన్నవాటిలో దగ్గరగా ఉన్నది ఎంచుకోవాలని నిబంధన.

'సబ్జెక్టుపై ఆసక్తి లేదు' అన్నది ఎంచుకున్నాను.